విమానం ఎక్కడుందో చెప్పు

మా ఆయనకు షుగర్ వచ్చిందని తెలిసినప్పుడు డాక్టరు మొదట చెప్పిన మాట రోజూ నడవమని. ఆయన నడవలేదు. కంపెనీలో షిఫ్టంతా మిషను దగ్గర నిలబడే మనిషికి మళ్ళీ నడకేమిటని ఆయన వాదన. సాయంత్రం బడి నుంచి వచ్చాక, బీరంగూడ గుట్ట దాకా పోయొద్దాం లెమ్మని నేను బతిమాలితే, "కాళ్ళు నాయి, షుగర్ నాది. నీకెందుకు పరేషాన్" అనేవాడు. అలాంటి మనిషి ఆ తర్వాత బీళ్ళలో, పత్తిచేలలో, తుమ్మకంపల మధ్య పడి ఎంత దూరం నడిచాడో లెక్కలేదు. ఎగరేసిన విమానం ఎక్కడ పడిందో వెతుక్కుంటూ నడిచాడు.

మేముండేది బీరంగూడలో. ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక ప్రైవేటు కంపెనీలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక ఆదివారం సాయంత్రం లక్డారంలో మా చర్చివాళ్ళ ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటే వెళ్ళి, స్కూటర్ మీద తిరిగి వస్తున్నాం. దారిలో ఒక వెంచర్ ఉంది. పొలం కొని, ప్లాట్లు చేసి, హద్దురాళ్ళు పాతి, మధ్యలో తారురోడ్డు వేసి, గేటు దగ్గర పెద్ద ఆర్చి కట్టి వదిలేశారు. ఒక్క ఇల్లు కూడా లేవలేదు. ఆ తారురోడ్డు మీది నుంచి చిన్న విమానం ఒకటి లేచి మా తలల మీదుగా పోయింది.

ఆయన స్కూటర్ ఆపాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు చేతుల్లో రిమోట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నగరంలో చోటు లేక ఖాళీ రోడ్డు వెతుక్కుంటూ ఇంతదూరం వస్తామని చెప్పారు. ఆయన వాళ్ళను ఏవేవో అడిగాడు. నేను పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని స్కూటర్ మీదే కూర్చున్నాను. కాసేపు చూసి వస్తాడనుకున్నాను. వెలుతురు పోయి వాళ్ళు విమానాలు కార్లో సర్దుకునేదాకా రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు, "గా విమానం అట్టతోని చేసిన్రంట" అన్నాడు.

నిజానికి అది అట్ట కాదు, పిల్లలు బడి ప్రాజెక్టులకు కొనుక్కునే ఫోమ్ షీటు. కొన్నాళ్ళలోనే మా అమ్మాయి గది నిండా ఆ షీట్లు, బ్లేళ్ళు, జిగురు కడ్డీలు చేరాయి. ఫోన్లో వీడియోలు చూసి కొలతలు రాసుకున్నాడు. మోటారు, బ్యాటరీ, రిమోట్ తెప్పించాడు. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కే చేతులకు ఆ మెత్తని షీటు మొదట్లో లొంగలేదు. గట్టిగా పడితే నొక్కుకుపోయేది. "దీన్ని పసిపిల్ల లెక్క పట్టుకోవాలె" అనేవాడు. వంటింట్లో పచ్చడి సీసాల మూతలకు వేసే రబ్బరు బ్యాండ్లు మాయమవుతుంటే మొదట నాకు అర్థం కాలేదు. విమానం రెక్కను ఒంటికి బిగించి ఉంచేది ఆ రబ్బరు బ్యాండ్లేనని తర్వాత తెలిసింది.

విమానాన్ని స్కూటర్ మీద తీసుకుపోవడం నా పని. రెక్క విప్పి, దాన్ని నా ఒళ్ళో నిలువుగా పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. బొంబాయి హైవే మీద లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా గాలికి రెక్క నన్ను పక్కకు గుంజేది. ఒకసారి పటాన్‌చెరు చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ మమ్మల్ని ఆపి, రెక్కను పైకీ కిందికీ చూసి, "ఏంది మేడమ్, పెండ్లి డెకరేషనా?" అని అడిగాడు. విమానమని ఆయన చెబితే నమ్మలేదు. రోడ్డుకు అడ్డం రాకుండా పట్టుకొమ్మని చెప్పి పంపాడు.

ఆదివారం తెల్లవారుతూనే వెళ్ళేవాళ్ళం. ఆ వేళ గాలి ఉండదు. గాలి ఎటు నుంచి వస్తుందో చూడటానికి అక్కడ జెండా అవసరం లేదు. దూరంగా కంపెనీల పొగ గొట్టాలు ఉన్నాయి. పొగ నిటారుగా లేస్తే మంచిది. పక్కకు వాలితే వాలిన దిక్కు చూసుకుని ఎదురుగాలికి విమానాన్ని వదలాలి. కొన్ని రోజులు పొగ కనపడకపోయినా మందుల కంపెనీల వాసనే దిక్కు చెప్పేది.

వదలడం కూడా నా పనే. మా మొదటి విమానానికి చక్రాలు లేవు. మనిషి చేత్తో పట్టుకుని గాల్లోకి అందించాలి. మొదటిసారి నేను బలం కొద్దీ విసిరాను. అది నేరుగా లేచి, వెనక్కి తిరిగి, ముక్కుతో నేలను పొడిచింది.

"మామిడికాయ కొడ్తున్నవా?" అన్నాడు ఆయన.

"మరెట్ల విసరాలె?"

"విసరొద్దు. నాలుగడుగులు ఉరికి చెయ్యి వదులు. పోనీకి అదే తయారున్నది. నువ్వు అడ్డం రాకుంటె చాలు."

అది నేర్చుకోవడానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది. ఆయనకు నడపడం నేర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. విమానం మనకు దూరంగా పోతున్నప్పుడు దాని కుడి మన కుడే. అదే మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమవుతుంది. చెప్పుకుంటే చిన్న విషయం. గాల్లో వేగంగా మీదికొస్తున్నప్పుడు బుర్ర తలకిందులవుతుంది. ఆయన ఎన్నిసార్లు కుడికి తిప్పబోయి ఎడమకు తిప్పి కూల్చాడో. పగిలిన ముక్కలన్నీ సంచీలో వేసుకుని ఇంటికొచ్చి, జిగురు పెట్టి మళ్ళీ నిలబెట్టేవాడు. ఎగరేసి ఇంటికొచ్చి, స్నానాలు చేసి, ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. తొందరలో చీర మార్చుకోకుండానే పోయిన రోజులున్నాయి. పాట పాడటానికి లేచి నిలబడితే వెనక వరసలోని ఆడవాళ్ళు నా కుచ్చిళ్ళకు అంటుకున్న గడ్డిముళ్ళు ఒక్కొక్కటే ఏరి తీసేవాళ్ళు. ప్రసంగం అయ్యేసరికి వాళ్ళ చేతుల్లో గుప్పెడు ఉండేవి.

ఆయన నడపడం కాస్త కుదిరిన చలికాలంలో, వెంచర్ పక్కనున్న జొన్నచేనులో విమానం పడింది. ఆ చుట్టుపక్కల అమ్మకుండా మిగిలిన పొలం అదొక్కటే. జొన్న మనిషి ఎత్తు దాటి ఉంది. మేమిద్దరం గట్టు మీద నిలబడి లోపలికి ఎట్లా దిగాలా అని చూస్తుంటే, చేను అవతలి నుంచి తలకు రుమాలు చుట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

"ఎవలు మీరు? చేన్లకెల్లి తిరుగుతున్నరేంది?"

"పటేలా, మా విమానం పడ్డది ఈ చేన్ల" అన్నాడు మా ఆయన.

"విమానమా. విమానం పడ్తె గింత సప్పుడు లేకుండ పడ్తదా?"

ఆటబొమ్మ లాంటిదని నేను వివరించాను. ఆ పెద్దమనిషి నవ్వలేదు, కోప్పడలేదు. "కంకి పాలు పట్టింది. మీరు దిగి తొక్కకురి. ఎట్లుంటదో చెప్పురి, నేను తెస్త" అని, సాళ్ళ మధ్య పక్కకు తిరిగి నడుచుకుంటూ లోపలికి పోయాడు. ఎక్కడా ఒక్క కర్ర కదలలేదు. కాసేపటికి విమానాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఒక రెక్క విరిగి వేలాడుతోంది.

"పిట్టంత బరువు గూడ లేదు" అని అందించాడు. వెళ్ళబోతూ ఆగి అడిగాడు. "గిది మోత చేసుకుంట పోతుంటె నా చేన్ల పిట్టలన్నీ లేసినయ్. సూసిన. రేపు గూడ వస్తరా?"

పటేల్ కష్టం అప్పుడు తెలిసింది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లు కావడంతో ఆ ప్రాంతంలోని చిలుకలు, గువ్వలు, పిచ్చుకలు మొత్తం ఆ ఒక్క చేను మీదనే పడుతున్నాయి. ఇదివరకు ఆయన భార్య మంచె మీద కూర్చుని ఒడిసెలతో రాళ్ళు విసిరి కొట్టేదట. ఇప్పుడామెకు భుజం లేవదు. ఇంట్లో వయసు వాళ్ళంతా కంపెనీల్లో షిఫ్టులకు పోతారు. ఆయన ఒక్కడే పళ్ళెం మోగించుకుంటూ చేను చుట్టూ తిరిగేవాడు. ఇటు మోగిస్తే అటు వాలేవి.

మా ఆయనకు సెకండ్ షిఫ్ట్ ఉన్న వారాల్లో పొద్దున ఖాళీ. ఆ వారాల్లో రోజూ లక్డారం పోయి చేను మీద విమానం తిప్పాడు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. మొదట పిట్టలు బెదిరాయి. తర్వాత అలవాటు పడ్డాయి. చిలుకలైతే విమానం తల మీద తిరుగుతున్నా కంకులు వదిలేవి కావు. ఆయన ఇంటికొచ్చి, గద్ద రెక్కలు ఎట్లా ఉంటాయో చూసి, రెక్క చివర్లు వేళ్ళలాగా కత్తిరించి, అడుగున గోధుమరంగు వేశాడు. దాంతో చిలుకలు నిజంగానే లేచిపోయాయి. కానీ రెండో రోజు అసలు గద్దలు వచ్చి దాని మీద పడ్డాయి. ఒకటి కాళ్ళు చాపి తోకను తన్నింది కూడా. పటేల్ గట్టు మీద కూర్చుని అదంతా చూస్తూ, "పాలోళ్ళ పంచాది లెక్కున్నది" అన్నాడు. దగ్గర చుట్టాలే ఎక్కువ కొట్లాడుకుంటారని ఆయన భావం.

కోతలయ్యాక పటేల్ మాకు జొన్నలు పంపాడు. వద్దన్నా వినలేదు. షుగర్‌కు జొన్నరొట్టె మంచిదని నేను చాన్నాళ్ళుగా చెబుతున్నా తినని మా ఆయన, ఆ జొన్నల రొట్టెలు మాత్రం వంక పెట్టకుండా తిన్నాడు.

ఆ మరుసటి ఏడు వానలు వెళ్ళాక నేనొక మార్పు గమనించాను. ఎగరేసేటప్పుడు మా ఆయనకు తనలో తాను మాట్లాడుకునే అలవాటు ఉంది. "ఎటు మర్లింది", "పైకి పోయిందా" అని గొణుగుతుండేవాడు. నేను పక్కన నిలబడి "అటు మర్లింది", "ఆ, పైకే" అని ఏదో ఒకటి అనేదాన్ని. ఆ మధ్య ఆ ప్రశ్నలు ఎక్కువయ్యాయి. విమానాన్ని దూరం పోనివ్వడం లేదు. దింపేటప్పుడు ఎత్తు తప్పుతోంది. వయసుతో పాటు జాగ్రత్త పెరిగిందనుకున్నాను.

ఒక పొద్దున విమానం వెంచర్ అవతల ఉన్న గుట్ట వైపు పోయి ఎడమకు తిరిగింది. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన కుడివైపు ఆకాశంలోకి చూస్తున్నాడు. అక్కడేమీ లేదు. తల కొంచెం వంచి, చెవి మోటారు మోత వచ్చే వైపు పెట్టి ఉన్నాడు.

"ఎక్కడున్నది?" అని అడిగాడు.

"నీకు కనిపిస్తలేదా?"

"ముందుగాల ఎక్కడున్నదో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. "వాటర్ ట్యాంకు ఉంది కదా, దానికి ఇవతల, కొంచెం పైన, ఎండ పడుతున్న వైపు..." నా వాక్యం పూర్తయ్యేలోగా విమానం ట్యాంకు దాటిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. అది ఇంకో చోటికి పోయింది. నా గొంతులో కంగారు విని ఆయన మోటారు ఆపేశాడు. మోత లేని విమానం తేలుకుంటూ చాలా దూరం పోయి, చెట్ల వెనక దిగిపోయింది.

మేం దాన్ని వెతకడానికి పోలేదు. హద్దురాయి మీద ఆయన కూర్చున్నాడు. నేను పక్క రాయి మీద కూర్చున్నాను.

"కొన్ని దినాల సంది నల్ల చుక్కలు కనవడ్తున్నయ్" అన్నాడు. "దారాలు తేలుతున్నట్టు. పోతయ్ లే అనుకున్న. ఇయ్యాల పొద్దుగాల ఎడమ కంటికి పర్ద పడ్డట్టయింది."

"మరి కంపెనీల మిషను మీద ఎట్ల చేస్తున్నవ్?"

"ఇన్నేండ్ల పని. చేతికి తెలుసు."

"విమానం?"

"మోత ఇంటున్న. నువ్వు అంటున్నవ్ గద, అటు మర్లింది, ఇటు మర్లింది అని. దాంతోనే నడిపిస్తున్న."

ఆ లేత్ మిషను ముందు నిలబడ్డ ఆయన చేతులు, హైవే మీద లారీల మధ్య మా స్కూటర్, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. తాళంచెవి అడిగాను. ఇచ్చాడు. నేను బడికి బండి మీదే పోతాను కానీ ఆయన వెనక కూర్చోగా హైవే మీద నడపడం అదే మొదలు. ఇంటికి కాకుండా నేరుగా కంటి ఆసుపత్రికి పోయాం.

షుగర్ వల్ల కంటి లోపల రక్తం కారిందని డాక్టరమ్మ చెప్పింది. రెండు కళ్ళూ దెబ్బతిన్నాయని, ఎడమది ఎక్కువని చెప్పింది. ఇంజెక్షన్లు, లేజరు. కంట్లో సూది గుచ్చుతారని విన్నప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పదిమంది ముందు ఆయన నా చెయ్యి పట్టుకోవడం నాకు గుర్తులేదు. ఉన్న చూపును నిలబెట్టడానికే ఈ వైద్యం, పోయింది ఎంత తిరిగొస్తుందో చెప్పలేనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

ఆ నెలలు మెల్లగా గడిచాయి. ఆయన సెలవు పెట్టాడు. తర్వాత కంపెనీవాళ్ళు మిషను మీది నుంచి తీసి స్టోర్‌లో వేశారు. పనిముట్లు అందించడం, తిరిగి తీసుకోవడం. చూడకుండా తడిమి ఏది ఏ సైజో చెప్పగలిగేవాడు కాబట్టి ఆ పనికి ఇబ్బంది పడలేదు. కానీ ఇంటికొచ్చి స్టోర్ గురించి ఒక్క మాటా చెప్పేవాడు కాదు. మిషను మీద ఉన్నప్పుడు ఏ రోజు ఏం చేశాడో చెప్పకుండా అన్నం తినేవాడు కాదు. పాస్టరుగారు వచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. మంచి కోరే వాళ్ళు, ఇగ ఆ బొమ్మలు తీసి ఎవరికైనా ఇచ్చేయమన్నారు. అమ్మాయి గదిలో గోడకు మేకులు కొట్టి తగిలించిన విమానాలు అట్లాగే ఉన్నాయి. ఆయన ఆ గదిలోకి పోయి, రెక్కల అంచుల మీద వేలు పెట్టి రాస్తూ నిలబడటం రెండు మూడుసార్లు చూశాను. నేను చూస్తున్నట్టు ఆయనకు తెలియలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఒక శనివారం చపాతీలు చేస్తూ అన్నాను. "రేపు లక్డారం పోదామా?"

"పోయి?"

"నువ్వు వదులు. నేను నడిపిస్త."

"నీకు రాదు."

"రాదనే కదా. నేర్పు."

"ముందుగాల కంప్యూటర్ మీద నేర్చుకో. దాంట్ల పడ్తె విరగదు" అన్నాడు.

తెర మీద విమానం నడపడం నేర్పే ఆట ఒకటి పెట్టి, కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి, తను వెనక కుర్చీలో కూర్చుని, తెర సరిగా కనపడకపోయినా నేర్పాడు. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమల గురించి ఆలోచించొద్దన్నాడు. "ఏ రెక్క కిందికి వాలుతున్నదో చూడు. రిమోట్ మీది కర్రను అటు జరుపు. పడిపోతున్నదానికి కింద ఊతం పెట్టినట్టు అనుకో. అది లేస్తది." తను నేర్చుకునే రోజుల్లో ఆయన తన తప్పుల్లోంచి ఏరుకున్న సూత్రం అది. నాకది వెంటనే పట్టుబడింది. పడుతున్న వైపు చెయ్యి అందించాలనేది మనసుకు తెలిసిన సంగతే కాబట్టి వేళ్ళు కూడా విన్నాయి.

నిజం విమానం వేరు. మొదటి రోజు ఆయన వదిలిన తర్వాత రిమోట్ మీద నా చేతులు బిగుసుకుపోయాయి. ఆయన పక్కకు వచ్చి నిలబడి, "ఎక్కడున్నది?" అన్నాడు.

"ఉండు, నన్ను మాట్లాడియ్యకు."

"మాట్లాడు. మాట్లాడితె చేతులు వదులైతయ్. ఎక్కడున్నదో చెప్పు."

అక్కడ నాకు తెలిసివచ్చింది. పాతికేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. వర్ణన ఎట్లా చేయాలో బోర్డు మీద రాసి నేర్పిస్తాను. కానీ కదిలే వస్తువును, కనిపించని మనిషికి, అది కదిలేలోగా చెప్పే భాష నా దగ్గర లేదు. నా వాక్యాల్లో క్రియ చివర్లో వచ్చేది. అది వచ్చేసరికి విమానం ఉండేది కాదు. అందుకని ఇద్దరం కూర్చుని మాటలు కుదుర్చుకున్నాం. గుట్ట, ట్యాంకు, ఆర్చి, చేను. ఈ నాలుగే దిక్కులు. మన వైపు వస్తే "లోపలికి". దూరం పోతే "బయటికి". వాలితే "కుడి రెక్క" లేదా "ఎడమ రెక్క". ఎత్తుకు చెట్టు, స్తంభం, గద్ద. చెట్టంత ఎత్తు, కరెంటు స్తంభమంత, గద్దలు తిరిగేంత. "ఆర్చి, లోపలికి, స్తంభం" అంటే చాలు, ఆయన తలకాయ సరిగ్గా అటు తిరిగేది.

మా మాటలు వింటూ గట్టు మీద కూర్చున్న పటేల్, "మీ ఆలుమొగలు రేడియోల వార్తలు సదివినట్టున్నరు" అన్నాడు. తర్వాత్తర్వాత ఆయనా మధ్యలో అందుకునేవాడు. నేను "చేను, బయటికి" అంటే, "బయటికి గాదు టీచరమ్మా, గువ్వల మీదికి" అనేవాడు.

నేను చాలా కూల్చాను. ఒకసారి ఆర్చికే కొట్టాను. మా ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. తన విమానం కూలినప్పుడు తనను తాను తిట్టుకునే మనిషి, నాది కూలితే ముక్కలు చేత్తో తడిమి చూసి, "ముక్కు ఒక్కటే పోయింది, రెక్క మంచిగుంది" అని సంతోషపడేవాడు. కత్తిరించే పని నా చేతికొచ్చింది. అతికించడం మాత్రం ఆయనే, వేళ్ళతో చూసుకుంటూ.

ఒక మంచి రోజు, గాలి ఏమాత్రం లేదు, పొగ గొట్టాల మీది నుంచి పొగ నిటారుగా లేస్తోంది. విమానాన్ని గద్దల ఎత్తుకు తీసుకుపోయి రిమోట్ ఆయన చేతుల్లో పెట్టాను. వద్దన్నాడు. పైన బోలెడంత జాగా ఉంది, పడేలోగా తీసుకుంటానన్నాను. ఆయన బొటనవేళ్ళు కర్రల మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"గుట్ట, బయటికి" అన్నాను. "కుడి రెక్క. ఇంకొంచెం. సరిపోయింది. ట్యాంకు. ట్యాంకు, లోపలికి."

విమానం ఆకాశంలో గుండ్రంగా తిరిగి వచ్చింది. మళ్ళీ తిరిగింది. సంసారంలో మేం ఎన్నో మాట్లాడుకున్నాం, పోట్లాడుకున్నాం, రోజుల తరబడి మాట్లాడుకోకుండా కూడా ఉన్నాం. కానీ నేనన్న ప్రతి మాటనూ ఆయన అంత శ్రద్ధగా అందుకోవడం, అందుకున్న మాట వెంటనే పైన అంత ఎత్తులో కనిపించడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. నాకూ మాట జారడానికి వీల్లేదు. తప్పు చెబితే అది తప్పే తిరుగుతుంది. రిమోట్ తిరిగి నాకిస్తున్నప్పుడు ఆయన అరచేతులు చెమటతో తడిగా ఉన్నాయి.

"అలిసిపోయినవా?" అని అడిగాను.

"లే. మంచిగుంది" అన్నాడు.

కుడి కన్ను మెల్లగా నిలదొక్కుకుంది. ఎడమది మంచుతెర వెనక నుంచి చూసినట్టే ఉండిపోయింది. ఇంతకన్నా ఆశపడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆయన స్టోర్‌లోనే స్థిరపడ్డాడు. ఈ మధ్య అక్కడి సంగతులు కూడా ఇంటికొచ్చి చెబుతున్నాడు. బీహార్ నుంచి కొత్తగా వచ్చిన పనివాళ్ళు స్పానర్ల పేర్లు ఎట్లా పలుకుతారో చెప్పి నవ్విస్తాడు. విమానాల అడుగుభాగం ఇప్పుడు ముదురు నారింజరంగు. తెల్లమబ్బు పట్టిన రోజున అది తల మీదుగా పోతే ఆయనకు కనిపిస్తుంది. గుట్ట ముందర పోతే కనిపించదు. మొదటిసారి కనిపించినప్పుడు, నేను "ఆర్చి" అనబోతుంటే చెయ్యి పైకెత్తి ఆపి, మెడ వెనక్కి వంచి అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. అది మబ్బు అంచు దాటేదాకా నేను మాట్లాడలేదు.

పోయిన నెలలో వెంచర్‌లో మొదటి ఇల్లు మొదలైంది. పిల్లర్లకు గుంతలు తవ్వి, కంకర పోసి, తారురోడ్డు పొడవునా కరెంటు స్తంభాలు పాతి తీగలు లాగారు. కూలీల పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నారు. ఇగ అక్కడ ఎగరేయడం కుదరదు. పటేల్ తన చేను కోతలయ్యాక వాడుకొమ్మన్నాడు కానీ అది ఏడాదిలో కొద్ది వారాలే. దాని చుట్టూ కూడా తీగలు వచ్చేటట్టున్నాయి.

అందుకని ఆదివారాలు ఆరాధన అయ్యాక జాగా కోసం తిరుగుతున్నాం. నేను స్కూటర్ నడుపుతాను. ఆయన వెనక కూర్చుని, రోడ్డుకు అటూ ఇటూ ఏముందో నన్ను అడుగుతుంటాడు. నిన్న బొంతపల్లి దారిలో, కంపెనీల గోడలు దాటాక, ఎడమవైపు ఒక పెద్ద బీడు కనిపించింది. ఆపి దిగాం. మధ్యలో తుమ్మమొక్కలు అక్కడక్కడ ఉన్నాయి. ఒక మూలన బర్రెలు మేస్తున్నాయి. స్తంభాలు లేవు. ఆయన చెప్పులు విడిచి, నేల ఎట్లా ఉందో పాదాలతో చూసుకుంటూ కొంతదూరం లోపలికి నడిచాడు.

"రాళ్ళు లేవు. ఎవలదో అడగాలె" అన్నాడు.

బర్రెల దగ్గర గొడుగు వేసుకుని ఒకామె కూర్చుని ఉంది. నేను చీర కొంచెం పైకి పట్టుకుని, గడ్డిలోంచి ఆమె దగ్గరికి నడిచాను.